నడుము నొప్పికి ఎంఆర్ఐ ఎప్పుడు?



నడుము నొప్పితో ఆసుపత్రికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈమధ్య కుర్చీలో సర్దుకోకముందే ఒక పెద్ద కవరు తీసి బల్ల మీద పెడుతున్నారు. అందులో ఎంఆర్ఐ ఫిల్ములు, రెండు పేజీల రిపోర్టు. "ఎల్-4, ఎల్-5 దగ్గర డిస్కు జారిందటండీ. నరం నొక్కుకుపోయిందట. ఆపరేషన్ తప్పదా డాక్టరు గారూ?" అదే మొదటి మాట. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎక్కడ పుట్టి ఎక్కడిదాకా పాకుతోంది, కూర్చుంటే పెరుగుతోందా నడిస్తే పెరుగుతోందా అని అప్పటికి వాళ్ళను ఎవరూ అడిగి ఉండరు. కాళ్ళలో బలం ఉందో లేదో చూసి ఉండరు. స్కాన్ మాత్రం అయిపోయింది. ఇంకొందరు ఫోన్లోనే అడుగుతారు: "ఎలాగూ రాస్తారు కదండీ, ముందే తీయించుకుని రమ్మంటారా?"

ఇలా అడిగేవాళ్ళు కొద్దిమంది కాదు. 2020లో ప్రపంచం మొత్తం మీద నడుము నొప్పితో బాధపడుతున్నవాళ్ళు సుమారు 61 కోట్ల 90 లక్షల మందని అంచనా. మనుషుల్ని ఏళ్ళ తరబడి ఏ పనీ సరిగ్గా చేసుకోనివ్వని బాధల్లో దీనిదే మొదటి స్థానం. అందుకే ఈ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు చెప్పుకుందాం. నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. ఎంఆర్ఐ గొప్ప పరీక్ష. కానీ మనం ఏదైనా అడిగితేనే అది జవాబు చెబుతుంది. ఏం అడగాలో తేలేది మీరు చెప్పే నొప్పి వివరాల నుంచి, డాక్టరు మిమ్మల్ని పరీక్షించి చూసినదాని నుంచి. అవి రెండూ లేకుండా తీయించిన స్కాన్‌తో చికిత్స తేలదు, తికమక పెరుగుతుంది.

ముందు ఈ యంత్రం సంగతి చూద్దాం. ఎక్స్‌రేలో ఎముకలు బాగా కనిపిస్తాయి గానీ డిస్కు, నరం కనిపించవు. ఎంఆర్ఐలో అవే కనిపిస్తాయి. మన ఒంట్లో సగానికి పైగా నీరే. ఆ నీటిలో ఉన్న హైడ్రోజన్ పరమాణువుల కేంద్రకాలకు అయస్కాంత గుణం ఉంది. స్కాన్ యంత్రంలోని అయస్కాంతం బలం సాధారణంగా 1.5 టెస్లా, కొన్నిచోట్ల 3 టెస్లాలు. 1.5 టెస్లా అంటే భూమికి ఉన్న అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. ఆ అయస్కాంతం నడుమ మనిషిని పడుకోబెట్టి రేడియో తరంగాలు పంపిస్తే, ఆ కేంద్రకాలు కొంత శక్తిని తీసుకుని మళ్ళీ సన్నని రేడియో సంకేతంగా వదిలేస్తాయి. ఆ సంకేతాన్ని పట్టుకుని కంప్యూటరు బొమ్మ గీస్తుంది. ఈ పద్ధతికి దారి వేసిన పాల్ లాటర్‌బర్‌కూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రేడియో వినేవాళ్ళకు సరదాగా ఉండే సంగతి ఒకటి చెబుతాను. 1.5 టెస్లా యంత్రం వాడే తరంగాలు సుమారు 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి, 3 టెస్లా యంత్రానివి 128 దగ్గర. మీరు ఎఫ్ఎంలో వినేవి 88కీ 108కీ మధ్య. అందుకే బయటి ప్రసారాలు చొరబడి బొమ్మను చెడగొట్టకుండా స్కాన్ గది చుట్టూ గోడల్లో రాగి తొడుగు వేస్తారు. ఎక్స్‌రేలోనూ సీటీ స్కాన్‌లోనూ ఉండే రేడియేషన్ దీనిలో ఉండదు. కాబట్టి "స్కాన్ వల్ల ఒంటికి హాని" అనే భయం అక్కర్లేదు. హాని ఉంటే అది మరో దారిన వస్తుంది. దాని సంగతి తర్వాత.

ఇంత బాగా చూపించే యంత్రానికి చూపించడం చేతకానిది ఒకటుంది, అది నొప్పి. డిస్కు ఆకారం ఫిల్ములో పడుతుంది. ఆ డిస్కే నొప్పి పుట్టిస్తోందా లేదా అన్నది పడదు. పైగా స్కాన్ తీసేటప్పుడు మీరు వెల్లకిలా పడుకుని ఉంటారు. మీ నొప్పేమో బరువెత్తితేనో, గంటసేపు బండి నడిపితేనో వస్తుంది.

అసలు నొప్పే లేనివాళ్ళకు స్కాన్ తీస్తే ఏం కనబడుతుంది? పరిశోధకులు ఈ పని చేసి చూశారు. 1990లో అమెరికాలో, జన్మలో నడుము నొప్పి గానీ కాలు లాగడం గానీ ఎరగని 67 మందికి ఎంఆర్ఐ తీశారు. వాళ్ళలో అరవై దాటినవాళ్ళను తీసుకుంటే సగానికి పైగా, 57 శాతం మందికి, స్కాన్ తేడాగానే వచ్చింది. 1994లో మరో బృందం ఏ నొప్పీ లేని 98 మందికి తీసింది. వాళ్ళలో సగానికి మించి, 52 శాతం మందికి, కనీసం ఒకచోట డిస్కు ఉబ్బి ఉంది. 27 శాతం మందికి డిస్కు పొడుచుకొచ్చి ఉంది. 2015లో ఇలాంటి అధ్యయనాలు 33 కలిపి, నొప్పి లేని 3,110 మంది వివరాలు లెక్కగట్టారు. డిస్కు అరుగుదల ఇరవై ఏళ్ళ వయసు వాళ్ళలో 37 శాతం మందికి, ఎనభై ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి కనిపించింది. డిస్కు ఉబ్బు ఇరవై ఏళ్ళకే 30 శాతం మందిలో ఉంది, ఎనభైకి 84 శాతానికి చేరింది. వీళ్ళెవరికీ నొప్పి లేదన్నది మర్చిపోకండి. అంటే నలభై ఐదేళ్ళ మనిషి స్కాన్ తీయించుకుంటే రిపోర్టులో ఏదో ఒకటి రాయకుండా ఉండటమే వింత. అందులో రాసిందల్లా ఆయన నొప్పికి కారణం కానక్కర్లేదు.

రిపోర్టులో తరచూ వచ్చే మాటలు కొన్ని తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది. రెండు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కుకు బయట గట్టి పీచు వలయం, లోపల జిగురు గుజ్జు ఉంటాయి. వయసుతో ఆ గుజ్జులో నీరు తగ్గుతుంది. నీరు తగ్గిన డిస్కు ఫిల్ములో నల్లగా కనబడుతుంది. దాన్నే డెసికేషన్ అని రాస్తారు. డిస్కు అంచు చుట్టూతా కాస్త ఉబ్బితే బల్జ్. ఒకపక్క మాత్రమే పొడుచుకొస్తే ప్రొట్రూజన్. వలయం చిరిగి గుజ్జు బయటికి తోసుకొస్తే ఎక్స్‌ట్రూజన్. ఆ గుజ్జు ముక్క తెగి వేరుపడిపోతే సీక్వెస్ట్రేషన్. వరుసలో కిందికి వెళ్ళేకొద్దీ మాట భయంకరంగా ఉంటుంది కదా. కానీ ఇక్కడొక విచిత్రం ఉంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, తెగిపడిన ముక్కల్లో 96 శాతం ఆపరేషన్ లేకుండానే కుంచించుకుపోయాయి. ఎక్స్‌ట్రూజన్లలో 70 శాతం, ప్రొట్రూజన్లలో 41 శాతం తగ్గాయి. మామూలు బల్జ్‌లలో తగ్గింది 13 శాతమే. కారణం ఏమిటంటే, వలయం దాటి బయటికొచ్చిన గుజ్జును ఒళ్ళు పరాయి పదార్థంగా లెక్కగడుతుంది. రక్తంలోని రక్షక కణాలు అక్కడికి చేరి దాన్ని కొంచెం కొంచెంగా కరిగించేస్తాయి. లోపలే ఉండిపోయిన ఉబ్బును అవి అందుకోలేవు. కాబట్టి రిపోర్టులో పెద్ద మాట ఉన్నంత మాత్రాన పెద్ద ఆపరేషన్ అని అర్థం కాదు.

మరి నొప్పికి కారణం ఎలా తేలుతుంది? కరెంటు స్తంభానికి ఫొటో తీస్తే ఏ తీగ ఎటు వెళ్తోందో తెలుస్తుంది. ఏ ఇంట్లో దీపం ఆరిపోయిందో మాత్రం వీధిలోకి వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. నడుము దగ్గర వెన్ను నుంచి బయల్దేరే ప్రతి నరానికీ కాలిలో దాని ఇలాకా దానికుంది. ఎల్-4, ఎల్-5 నడుము పూసల నరాలు, ఎస్-1 వాటి కింది నరం. ఎల్-5 నరం దెబ్బతింటే పాదం పైభాగం మొద్దుబారుతుంది, కాలి బొటనవేలిని పైకి ఎత్తే బలం తగ్గుతుంది. నడుస్తుంటే చెప్పు జారిపోతోందని కొందరు చెప్పేది ఇందువల్లే కావచ్చు. ఎస్-1 నరమైతే పాదం బయటి అంచు తిమ్మిరెక్కుతుంది, ఆ కాలి మునివేళ్ళ మీద నిలబడటం కష్టమవుతుంది, మడమ వెనక స్నాయువును సుత్తితో తడితే పాదం కదలదు. ఎల్-4 అయితే మోకాలి దగ్గర తట్టినప్పుడు కాలు ఎగరదు. మిమ్మల్ని పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు పైకెత్తినప్పుడు, సగం ఎత్తేలోపే తొడ వెనక నుంచి మోకాలి కిందికి జివ్వుమని పాకితే, నరం ఎక్కడో ఒత్తిడిలో ఉందని అర్థం. దీనికి పట్టేది పది నిమిషాలు. కావాల్సినవి సుత్తి, గుండుసూది, కాస్త ఓపిక.

ఇప్పుడు ఒకే రిపోర్టు ఉన్న ఇద్దరిని ఊహించుకుందాం. ఇద్దరిదీ ఒకటే వాక్యం: ఎల్-4, ఎల్-5 మధ్య ఎడమవైపు డిస్కు ప్రొట్రూజన్.

మొదటివాడు గుంట మగ్గం మీద కూర్చునే నేత కార్మికుడు. పొద్దుగూకేసరికి నడుం పట్టేస్తుంది. నొప్పి నడుములోనే ఉంటుంది, ఒక్కోరోజు పిరుదు దాకా వస్తుంది, మోకాలు దాటదు. కాళ్ళలో బలం సరిగ్గా ఉంది, స్పర్శ సరిగ్గా ఉంది, కాలెత్తితే ఇబ్బంది లేదు. ఈయనకు ఆ ప్రొట్రూజన్ రిపోర్టులో ఒక వాక్యం, అంతే. చికిత్స అంతా బయట ఉంది. అరగంటకోసారి గుంటలోంచి లేచి నాలుగడుగులు వేయడం, నడుముకూ పొట్టకూ బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయడం, నొప్పి ఎక్కువైన రోజుల్లో కొద్దిపాటి మందులు. మంచం పట్టడం మాత్రం వద్దు. 1995లో హెల్సింకి నగర ఉద్యోగుల మీద జరిగిన అధ్యయనంలో, హఠాత్తుగా నడుం పట్టేసినవాళ్ళలో రెండు రోజులు మంచం మీద ఉన్నవాళ్ళ కంటే, ఓర్చుకోగలిగినంత మేర రోజువారీ పనులు చేసుకుంటూ ఉన్నవాళ్ళే త్వరగా కోలుకున్నారు.

రెండోవాడు ఆటో నడుపుతాడు. నడుము కంటే ఎడమ కాలే ఎక్కువ బాధ. పిరుదు నుంచి పిక్క బయటి పక్కగా పాదం మీదికి మంట. ఎనిమిది వారాలుగా తగ్గలేదు. ఎడమ బొటనవేలు పైకి లేవడం లేదు, కాలెత్తితే ప్రాణం పోతోంది. ఇదంతా ఎల్-5 నరం భాష. ఎల్-4, ఎల్-5 మధ్య డిస్కు జారితే సాధారణంగా నలిగేది ఆ నరమే. ఇక్కడ ఫొటోలో తీగా, వీధిలో ఆరిన దీపమూ ఒకటే అయ్యాయి. ఈయనకు స్కాన్ ఎంతో విలువైనది. ఇంజెక్షన్ ఇవ్వాలంటే ఏ నరం పక్కన ఇవ్వాలో, ఆపరేషన్ చేయాలంటే ఎక్కడ కోయాలో, ఎంత గుజ్జు తీయాలో చెప్పేది అదే.

ఇదే వాక్యం ఉన్న మూడో మనిషి వచ్చి "నొప్పి కుడి కాలికండీ" అంటే? ఎడమవైపు ఉబ్బు కుడి కాలి నొప్పికి జవాబు కాదు. అప్పుడు తుంటి కీలు అరిగిందేమో, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నాయేమో చూడాలి. రిపోర్టు చదివి ఆపరేషన్‌కు తొందరపడితే ఉన్న నొప్పి అలాగే ఉంటుంది, కొత్త కోత ఒకటి మిగులుతుంది.

ఇంతవరకు స్కాన్ వద్దని అన్నట్టు వినిపించి ఉండవచ్చు. ఇక స్కాన్ తప్పనిసరిగా అవసరమయ్యే సందర్భాలు చెబుతాను, దయచేసి జాగ్రత్తగా వినండి.

మొదటిది అత్యవసరం. నడుము నొప్పితో పాటు మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా కారిపోతున్నా, మలం మీద అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి పక్కన స్పర్శ పోయినా, రెండు కాళ్ళూ బలహీనపడుతున్నా, వెన్ను చివర ఉండే నరాల కుచ్చు మొత్తం నలిగిపోతోందని అనుమానించాలి. ఆ రోజే ఎంఆర్ఐ తీయాలి. అదే అని తేలితే వీలైనంత త్వరగా ఆపరేషన్ జరగాలి. ఆలస్యమయ్యేకొద్దీ మూత్రం మీద అదుపు తిరిగి రాకపోయే ప్రమాదం పెరుగుతుంది. చాలామంది సిగ్గుపడి ఈ లక్షణాలు చెప్పరు. ఆడవాళ్ళయితే ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పరు. ఇది సిగ్గుపడే విషయం కాదు.

రెండోది మన దేశంలో మరవకూడనిది, వెన్నుపూస క్షయ. టీబీ అంటే ఊపిరితిత్తులదే అనుకుంటాం. 1779లో పెర్సివల్ పాట్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించిన ఈ వెన్నెముక జబ్బు ఇప్పటికీ మన ఆసుపత్రులకు వస్తూనే ఉంది. సాయంత్రాలు కాస్త జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి తగ్గి మనిషి చిక్కిపోవడం, పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే అనుమానించాలి. ఎక్స్‌రేలో మార్పు కనబడాలంటే ఎముక అప్పటికే చాలా దెబ్బతిని ఉండాలి. ఎంఆర్ఐ అంతకు చాలా ముందే పట్టుకుంటుంది, చీము ఎక్కడ చేరిందో, నరాలకు ఎంత దగ్గరగా ఉందో చూపిస్తుంది. ముందే తెలిస్తే చాలామందికి నెలల తరబడి వాడే మందులతోనే నయమవుతుంది.

మూడోది, ఎప్పుడైనా కాన్సర్ వచ్చి తగ్గినవాళ్ళకు కొత్తగా నడుము నొప్పి మొదలవడం. నాలుగోది, అరవై దాటినవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ బిళ్ళలు వాడినవాళ్ళు బాత్‌రూంలో జారిపడ్డాక, లేదా కేవలం ఒక బిందె ఎత్తాక, వచ్చిన తీవ్రమైన నొప్పి. ఎముక గుల్లబారి పూస కుంగిపోయి ఉండవచ్చు. అది ఇప్పుడు విరిగిందా, పదేళ్ళ కిందటి పాతదా అన్నది ఎక్స్‌రే తేల్చలేకపోతే ఎంఆర్ఐ తేలుస్తుంది. చికిత్స దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ఐదోది కుర్రవాళ్ళకు సంబంధించినది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వచ్చి, లేచాక అరగంటకు పైగా నడుము కొయ్యబారి ఉండి, అటూ ఇటూ తిరిగితే తగ్గి, విశ్రాంతి తీసుకుంటే పెరిగే నొప్పి నెలల తరబడి ఉంటే, అది వాపు వల్ల వచ్చే కీళ్ళ జబ్బు కావచ్చు. ఇక్కడ ఎంఆర్ఐ నడుముకు తీస్తే సరిపోదు, నడుము కింద కటి ఎముకల కీళ్ళకు తీయాలి.

ఇలా ఎక్కడ తీయాలన్నది కూడా పరీక్ష మీదే ఆధారపడుతుంది. దీనికి మన ప్రాంతపు ఉదాహరణే ఉంది. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతినడం గురించి మన దేశం నుంచి తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచి వెళ్ళింది. ఆ తర్వాత నల్గొండ, ప్రకాశం జిల్లాల పల్లెల కష్టం మనందరికీ తెలిసిందే. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళలో కొందరికి వెన్ను లోపలి బంధనాలు గట్టిపడి, మెడ దగ్గరో వీపు దగ్గరో వెన్నుపామును నొక్కుతాయి. మనిషి "నడుము పట్టేసింది, కాళ్ళు బిర్రబిగుసుకున్నాయి" అంటూ వస్తాడు. సుత్తితో తడితే కాళ్ళు మామూలు కంటే ఎక్కువగా ఎగురుతాయి. అంటే నొక్కు నడుముకు పైన ఉంది. పరీక్షించకుండా నడుముకు స్కాన్ రాస్తే అసలు జబ్బు ఫిల్ములోకే రాదు.

ఈ ప్రమాద సూచనలు ఏవీ లేని మామూలు నడుము నొప్పికి మొదటి ఆరు వారాలు స్కాన్ అవసరం సాధారణంగా రాదు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2007లోనూ, బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2016లోనూ, అందరికీ వరసపెట్టి స్కాన్ రాయవద్దనే చెప్పాయి. డబ్బు ఆదా కోసం ఇలా అంటున్నారని అనుకోకండి. 2009లో లాన్సెట్ పత్రికలో 1,800 మందికి పైగా రోగులున్న ఆరు అధ్యయనాలను కలిపి చూశారు. వెంటనే స్కాన్ గానీ ఎక్స్‌రే గానీ తీసినవాళ్ళకు నొప్పిలో, పని చేసుకోవడంలో అదనంగా ఒరిగిందేమీ లేదు. అంతకుముందు 2003లో సియాటిల్ ప్రాంతంలో 380 మందిలో సగం మందికి ఎక్స్‌రే, సగం మందికి ఎంఆర్ఐ తీసి ఏడాది తర్వాత చూస్తే ఇరువర్గాలూ ఒకేలా ఉన్నాయి. ఆపరేషన్లు మాత్రం ఎంఆర్ఐ వర్గంలో పది, ఎక్స్‌రే వర్గంలో నాలుగు జరిగాయి.

స్కాన్ వల్ల హాని మరో దారిన వస్తుందని ముందే అన్నాను కదా, ఆ దారి ఇదే. ఇందులో మనకు దగ్గరి రుజువు కోయంబత్తూరు నుంచి వచ్చింది. అక్కడి గంగా హాస్పిటల్ వైద్యులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, నడుము నొప్పి ఉన్న 44 మందిని రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి రిపోర్టులో ఉన్నదంతా ఉన్నట్టే వివరించారు. మరో వర్గానికి, ఇవి మామూలుగా వచ్చే మార్పులే, భయపడాల్సింది లేదని ధైర్యం చెప్పారు. ఆరు వారాలకు చూస్తే మొదటి వర్గంలో నొప్పి తగ్గింది తక్కువ, తమ వెన్ను చెడిపోయిందన్న దిగులు ఎక్కువ. కాగితం మీది మాటలే నొప్పిని సరిగ్గా తగ్గనివ్వలేదు. "నా డిస్కు అరిగిపోయింది" అనుకున్న మనిషి వంగడం మానేస్తాడు, బరువెత్తడం మానేస్తాడు, చివరికి నడక కూడా తగ్గిస్తాడు. కండరాలు బలహీనపడి నిజంగానే నడుము చెడుతుంది.

రిపోర్టు రాసేది మనిషేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2017లో అమెరికా పరిశోధకులు ఒక 63 ఏళ్ళ మహిళకు మూడు వారాల్లో పది వేర్వేరు కేంద్రాల్లో ఎంఆర్ఐ తీయించారు. పది రిపోర్టుల్లో కలిపి 49 రకాల లోపాలు రాశారు. పదింటిలోనూ కనిపించిన లోపం ఒక్కటి కూడా లేదు. కేంద్రాల వాళ్ళను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మీ నొప్పి గురించి ఏమీ తెలియకుండా బొమ్మను చదవడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. అందుకే స్కాన్ చీటీ మీద "నడుము నొప్పి" అని ఒక్క మాట రాయించుకోకండి. ఏ కాలు, ఎక్కడిదాకా, ఎన్ని వారాలుగా, బలహీనత ఉందా అన్నవి డాక్టరు చేత రాయించుకోండి. రేడియాలజిస్టు ఎక్కడ వెతకాలో అప్పుడు తెలుస్తుంది.

ఇక ఆపరేషన్ సంగతి. జారిన డిస్కే కాలి నొప్పికి కారణమని 1934లో బోస్టన్‌కు చెందిన మిక్స్టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు చూపించారు. అప్పట్నుంచీ డిస్కు ఆపరేషన్ ఎందరికో మేలు చేసింది. కానీ స్కాన్‌లో డిస్కు జారినట్టు కనబడగానే చేయాల్సిందేనా? నెదర్లాండ్స్‌లో, ఆరు నుంచి పన్నెండు వారాలుగా కాలి నొప్పితో బాధపడుతున్న 283 మందిలో సగం మందికి వెంటనే ఆపరేషన్ చేశారు. మిగతావాళ్ళకు మందులు, వ్యాయామంతో ఆగి చూశారు. 2007లో ఫలితాలు వచ్చాయి. వెంటనే చేయించుకున్నవాళ్ళకు నొప్పి త్వరగా తగ్గింది. ఆగినవాళ్ళలో 39 శాతం మందికి తర్వాత చేయాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ సుమారు 95 శాతం మంది కోలుకున్నారు. అంటే బలహీనత పెరగని మనిషికి ఇది ఎంచుకునే విషయం. నొప్పి ఎంత భరించగలరు, పనికి ఎంత త్వరగా వెళ్ళాలి, ఆపరేషన్ అంటే ఎంత భయం అన్నవి చూసి డాక్టరూ రోగీ కలిసి నిర్ణయించుకోవాలి. వేలు, పాదం బలం తగ్గుతూ పోతుంటే మాత్రం ఆగకూడదు.

ఆ అధ్యయనంలోని రోగులకే ఏడాది తర్వాత మళ్ళీ ఎంఆర్ఐ తీశారు. బాగా కోలుకున్నవాళ్ళలో 35 శాతం మందికి, కోలుకోనివాళ్ళలో 33 శాతం మందికి డిస్కు ఇంకా జారే ఉంది. ఎవరికి తగ్గిందో ఎవరికి తగ్గలేదో ఆ బొమ్మ చూసి చెప్పలేమన్నమాట. కాబట్టి నొప్పి తగ్గాక, డిస్కు లోపలికి వెళ్ళిందో లేదో చూసుకుందామని మరో స్కాన్ తీయించుకోవడం వృథా.

ఆగి చూసే ఆ ఆరు వారాల్లో మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని రోజూ మింగకండి. కడుపులో పుళ్ళు ఉన్నవాళ్ళు, బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అసలు వద్దు. కిడ్నీ జబ్బుతో ఏళ్ళుగా నలుగుతున్న ఉద్దానం ప్రాంతంవాళ్ళు ఈ మాట మరీ గట్టిగా పట్టించుకోవాలి.

స్కాన్ అవసరమని డాక్టరు చెబితే భయపడకుండా వెళ్ళండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, మెదడులో క్లిప్పు ఉన్నా, చెవిలో వినికిడి యంత్రం అమర్చి ఉన్నా, కంట్లో ఇనుప రజను పడిన సందర్భం ఉన్నా ముందే చెప్పండి. గాజులు, మెట్టెలు, మంగళసూత్రానికి పెట్టుకున్న పిన్నీసులు అన్నీ తీసేయాలి. లోపల చప్పుడు గట్టిగా ఉంటుంది, చెవుల్లో పెట్టుకోవడానికి ప్లగ్గులు ఇస్తారు. ఇరుకు చోటంటే భయమైతే అదీ చెప్పండి. పాత ఫిల్ములు ఉంటే వెంట తీసుకెళ్ళండి.

చివరిగా, ఎవరైనా ఎంఆర్ఐ రాసినప్పుడు మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "ఇందులో ఏం కనబడితే నా వైద్యం మారుతుంది డాక్టరు గారూ?" "టీబీ అని తేలితే మందు మారుతుంది", "ఈ నరమే అని తేలితే ఇక్కడ ఇంజెక్షన్ ఇస్తాను" అని జవాబు వస్తే, అప్పు చేసైనా తీయించుకోండి. "ఏముందో చూద్దాం" అన్నది జవాబైతే, ఆరు వారాలు నడుస్తూ, వ్యాయామం చేస్తూ ఆగవచ్చా అని అడగండి. మీ డబ్బు, మీ నడుము రెండూ మీవే. అడిగే హక్కు మీకుంది, జవాబు చెప్పే బాధ్యత మాది.